వెనక వసారాలో అమ్మ

ప్రశాంతి ఇడ్లీ పళ్ళాన్ని గడప అవతల పెట్టి వెనక్కి జరిగింది. వెనక వసారాలో నులక మంచం మీద అమ్మ వసుంధర కాలవ గాలికి కళ్ళు మూసుకుని కూర్చుంది. వేమూరు దగ్గరి ఆ ఇంట్లో ఆడవాళ్ళు నెలసరి మూడు రోజులూ అక్కడే ఉండాలి. వంటింట్లోకి రాకూడదు, ఎవరినీ ముట్టుకోకూడదు. నాయనమ్మ ఆదిలక్ష్మి పాటించే పద్ధతి అది.

ఆ రోజుల్లో ప్రశాంతికి ఇల్లంతా ఖాళీగా అనిపించేది. అమ్మ కళ్ళెదుటే ఉంటుంది, ఒళ్ళో తల పెట్టుకోవడానికి ఉండదు. ఈ మధ్య మిగతా రోజుల్లోనూ, "జరగమ్మా, ఉక్కగా ఉంది" అని అమ్మ చెయ్యి తీసేస్తోంది. కార్తీకమాసం చలిలో కూడా ఆమె జాకెట్టు తడిసిపోతోంది.

ఆ దిగులుతోనే ప్రశాంతి వంటింట్లోకి వెళ్ళి అడిగింది.

"నాయనమ్మా, అమ్మకేమైనా జబ్బా? నాన్న తెనాలి నుంచి తెచ్చిన ప్యాడ్లన్నీ నేనే వాడుతున్నాను. వినాయక చవితి నుంచి అమ్మ ఒక్కటీ తియ్యలేదు."

పచ్చడి రుబ్బుతున్న ఆదిలక్ష్మి చెయ్యి ఆగింది. లేచి వసారా గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటే వసుంధరా, ఆగిపోయిందా నీకు?"

వసుంధర తల దించుకుంది. "అవునత్తయ్యా."

"మరి నెలనెలా ఈ కూర్చోడమేంటి? నేను ఈ మోకాళ్ళతో పొయ్యి దగ్గర చస్తుంటే నువ్విక్కడ మహారాణిలా గాలికి కూర్చున్నావా? ఒళ్ళొంగక, మైల పేరు చెప్పి అబద్ధమా!"

"ఒళ్ళొంగక కాదండి" అంది వసుంధర. "ఉన్నట్టుండి గుండెల్లోంచి మంట లేచి చెవుల దాకా వస్తుంది. పొయ్యి ముందు నిలబడితే ఎటైనా పారిపోదామనిపిస్తుంది. నిద్రుండదు. ఈ మూడు రోజులైతే ఎవరూ పిలవరు, కాస్త గాలి తగులుతుంది. ఆగిపోయిందని చెప్తే ఇది కూడా పోతుందని..."

మాట పూర్తయ్యేలోపే ఆమె మెడ ఎర్రబడింది. నుదుటి మీద చెమట బొట్లు బొట్లుగా పట్టింది.

తన మాట ఎంత దూరం తెచ్చిందో చూసి ప్రశాంతికి ఏడుపొచ్చింది.

ఆదిలక్ష్మి ఆ చెమట వైపే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ద్వారబంధం పట్టుకుని మెల్లగా గడప దాటి, కోడలి పక్కనే మంచం మీద కూర్చుంది. ఆ మంచం మీద అమ్మ పక్కన ఇంకొకరు కూర్చోవడం ప్రశాంతి ఎప్పుడూ చూడలేదు.

"నాకూ ఇలాగే వచ్చింది" అంది ఆదిలక్ష్మి. "రేపల్లెలో మా అమ్మ దగ్గరికి పోదామనిపించేది. అప్పటికే అమ్మ లేదు. తడిగుడ్డ చుట్టుకుని గొడ్లపాక వెనక కూర్చుంటే, మీ మామయ్య పిచ్చి పట్టిందన్నాడు. పక్కన ఒక్క మనిషి ఉన్నా..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తప్పయిపోయిందత్తయ్యా."

"ఊరుకోవే. ఈ మంచం ఇక నెలంతా నీదే. పొద్దున ఇడ్లీలు మీ ఆయన్ని వెయ్యమందాం, వాడికేం చేతులు లేవా? రేపు తెనాలి డాక్టరమ్మ దగ్గరికి పోదాం. నేనూ వస్తాను." కోడలికి కొంగుతో విసురుతూ మనవరాలి వైపు తిరిగింది. "నువ్వేంటే అక్కడే నిలబడ్డావు?"

ప్రశాంతి ఇంకా గడప ఇవతలే ఉంది.

"అమ్మా, నిన్ను ముట్టుకోవచ్చా?"

వసుంధర కళ్ళు తుడుచుకుంది. "తువ్వాలు తడిపి తీసుకురా తల్లీ."

ప్రశాంతి తడి తువ్వాలు అమ్మ మెడ మీద వేసి, దాని మీద భయంభయంగా చెయ్యి ఉంచింది. ఈసారి అమ్మ ఆ చెయ్యి తీసెయ్యలేదు.