నాలుగో వంతు పులుపు

"పాయింట్ వన్. సరే. పాయింట్ వన్ ఏంటండీ?"

వెనిగర్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేరిన మొదటిరోజే ఆ అమ్మాయి సీసా ఎత్తి పట్టుకుని నిలదీసింది. లేబుల్ మీద ద్రావణం గాఢత అంకె ఉంది, యూనిట్ లేదు.

"మోలార్. అది వేరే చెప్పాలా?" అన్నాడు ద్రావణాలు కలిపే కుర్రాడు, తలెత్తకుండా.

"చెప్పాలి. రాయండి."

తలెత్తాడు. మళ్లీ దించుకోవడానికి కాస్త టైం పట్టింది.

తిట్టడానికైనా తన టేబుల్ దాకా వస్తుందని, ఆ తర్వాత యూనిట్ రాయడం కావాలనే మానేశాడు.

నాలుగో వారం వెనిగర్ టెస్ట్‌లో ఆమ్లం ఉండాల్సిన దాంట్లో నాలుగో వంతే తేలింది. మేనేజర్ హడావిడిగా మీటింగ్ పెట్టాడు.

"తేడా ఏ యూనిట్‌లో?"

"గ్రామ్స్ పర్ లీటర్ సార్," అందామె.

"అది కాదమ్మా! మన ఫ్యాక్టరీలో యూనిట్ వన్నా, టూనా?"

మిక్సింగ్ పెద్దాయన నీళ్లు ఎక్కువ పోశాడని మీటింగ్ తేల్చేసింది. ఇరవై రెండేళ్ల సర్వీసు; రేపటి నుంచి రానక్కర్లేదు. ఆ పెద్దాయన ఆమె నాన్న.

ఆమె ల్యాబ్‌కి వచ్చేసరికి కుర్రాడు ఫ్లాస్కు ముందు పాలిపోయి కూర్చున్నాడు.

"నాలుగు గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్ లీటర్‌కి కలపాలి. మీరొస్తున్నారేమోనని తలుపు వైపు చూస్తూ పావు లీటర్ ఫ్లాస్కులో కలిపేశాను. నాలుగు రెట్లు చిక్కనైంది. అందుకే వెనిగర్‌లో ఆమ్లాన్ని విరిచేయడానికి కొంచెమే ఖర్చయింది, వెనిగర్ పలచనన్నట్టు లెక్క వచ్చింది. తప్పు నాది."

"ఉద్యోగం పోతుంది మీకు."

"పోనీండి," అని లేచాడు.

మేనేజర్ తల పట్టుకున్నాడు. "అందరి సంతకాలూ అయిపోయాయయ్యా! ఇప్పుడొచ్చి నిజం చెబితే ఫైల్ ఏమైపోవాలి?"

"మీ ముందే మళ్లీ చేస్తాం సార్," అందామె.

ఈసారి అతను కలిపాడు, ఆమె కొలత చూసింది. ద్రావణం చుక్క చుక్కగా వెనిగర్‌లో పడుతూ, సరిగ్గా రావాల్సిన గీత దగ్గర ఆమ్లం విరిగినట్టు గులాబీ రంగు విచ్చుకుంది. వెనిగర్ నిక్షేపంలా ఉంది.

పెద్దాయనని ఉంచారు, కుర్రాణ్ణి తీసేశారు. సకాలంలో లోపం కనిపెట్టినందుకు మేనేజర్ తనకు తానే ప్రశంసాపత్రం రాయించుకున్నాడు.

గేటు దగ్గర తండ్రీకూతుళ్లు అతన్ని ఆపారు.

"నోరు మూసుకుంటే ఉద్యోగం ఉండేది కదా బాబూ?"

"ఉండేదండీ. మీ అమ్మాయి మొహం చూసే ధైర్యం ఉండేది కాదు."

పెద్దాయన కూతురి వైపు చూశాడు. ఆమె గేటు తాళాన్ని తెగ పరీక్షిస్తోంది.

"నెల్లాళ్లుగా ఇంట్లో నిన్ను తిట్టిపోస్తోందయ్యా, ఏదో పంతం అనుకున్నాను. ఇవాళ మధ్యాహ్నం నుంచి నీకు ఇంకో ఉద్యోగం వెతకమని నా ప్రాణం తీస్తోంది."

"నాన్నా!"

"ఉండవే. బాబూ, ఆదివారం మీ అమ్మానాన్నా ఇంట్లోనే ఉంటారా?"