అరగని బూట్లు

ఆమె బూట్లను బోర్లా తిప్పి చూసింది. తర్వాత కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో ఇంకోసారి చూసింది. కౌంటర్ ఇవతల నిలబడి అతను ఆమె చేతులనే చూస్తున్నాడు.

"వీటితోనే వంద రోజులు నడిచారా?"

"వీటితోనే. రోజుకి ఐదు కిలోమీటర్లు."

"నడిచేటప్పుడు మడమ ముందు ఆనిస్తారా, వేళ్ళు ముందు ఆనిస్తారా?"

ఇదేం ప్రశ్నరా బాబూ అనుకున్నాడు. "అందరూ ఎలా నడుస్తారో అలాగే."

"రెండూ ఒకేసారి ఆనించేవాళ్ళని నేనింతవరకు చూడలేదు," అంటూ ఆమె రసీదు పుస్తకం తీసింది. పేరు రాయాల్సిన చోట 'నడక' అని రాసి, చింపి ఇచ్చింది. "శనివారం రండి."

ఆ పేరు సంగతి ముందు చెప్పాలి. వీళ్ళిద్దరూ 'చిన్న చిన్న పనులు' అనే ఆన్‌లైన్ గ్రూపులో సభ్యులు. అందరిదీ ఒకే ఊరు, మొత్తం ముప్పై మంది ఉంటారు. ప్రపంచాన్ని మార్చేద్దామనుకునేవాళ్ళకు అందులో చోటు లేదు. ఎవరికి వాళ్ళు ఒక చిన్న పని పెట్టుకోవాలి, చేశారో లేదో ఏ రోజుకారోజు చెప్పాలి, చేస్తే ఫొటో పెట్టాలి. అసలు పేర్లు వాడకూడదు. పెట్టుకున్న పనే పేరు. మేడ మీద కుండీల్లో టమాటాలు పండిస్తానన్న రిటైర్డ్ లెక్కల మాస్టారు 'టమాటా'. గ్రూపు పెట్టింది ఆయనే. అరవై ఏళ్ళకు వయొలిన్ పట్టుకున్నావిడ 'వయొలిన్'. 'పొద్దున్నే లేస్తా' అనే పెద్దమనిషి పోస్టులు మాత్రం మధ్యాహ్నం పన్నెండు దాటితే గానీ రావు.

మనవాడు బల్లలూ కుర్చీలూ చేసే కార్పెంటర్. కూర్చున్న చోటి నుంచి కదలవు అని అక్క రోజూ పోరుతుంటే, ఆ పోరు పడలేక గ్రూపులో చేరి 'నడక' అయ్యాడు. బూట్ల రిపేరు షాపు నడిపే ఆమె పేరు 'ఈత'. ఆమెకు నీళ్ళంటే చచ్చేంత భయం. స్విమ్మింగ్ పూల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కసారి ఈదితే చాలు, అదీ ఆమె పెట్టుకున్న పని.

ఆమె పోస్టుల్లో ఎక్కువ భాగం చేయలేకపోయిన రోజులవే. "ఈ రోజు మెట్టు మీద కూర్చుని వచ్చేశాను." "ఈ రోజు మోకాళ్ళ దాకా." "ఈ రోజు వెళ్ళలేదు. సాకు: తలనొప్పి. నిజం: భయం."

ఆ చివరి పోస్టు చదివిన రోజే అతను ఆమెని ప్రేమించాడు. ఇందులో దాచడానికేమీ లేదు. ఒక మనిషి తన గురించి తానే అంత నిజం చెప్పడం అతను ఎక్కడా చూడలేదు. ముఖ్యంగా అద్దంలో చూడలేదు.

ఎందుకంటే అతను నడిచింది ఒకే ఒక్క రోజు. మొదటి రోజు. రెండో రోజు వాన పడింది. గుమ్మం దగ్గర బూట్లు పెట్టి ఫొటో తీసి 'రెండో రోజు' అని పోస్ట్ చేశాడు. పద్దెనిమిది మంది శభాష్ అన్నారు. మూడో రోజు కాళ్ళ నొప్పులు. పదో రోజుకల్లా వెనక్కి వెళ్ళడానికి దారి లేకుండా పోయింది. ఆ తర్వాత బూట్లని సంచిలో వేసుకుని బస్సెక్కేవాడు. పార్కు బెంచీ దగ్గర ఒక ఫొటో, వంతెన మీద ఒక ఫొటో. బూట్లు ఊరంతా చూశాయి గానీ నేల మీద మాత్రం నడవలేదు.

నలభయ్యో రోజు ఆమె విడిగా మెసేజ్ పెట్టింది. "మీకు ఎప్పుడూ మానేయాలనిపించదా?"

"అనిపిస్తుంది. లేచి బూట్లు వేసుకుంటాను. అంతే."

ఎంత ధైర్యం చూడండి. ఆ మాటతో మొదలై కబుర్లు రోజూ సాగాయి. ఏ చెక్క వాసన బాగుంటుంది, మబ్బు పట్టిన రోజు జిగురు ఎందుకు ఆరదు, పూల్ దగ్గర నేర్పే ఆవిడ ఎందుకంత గట్టిగా అరుస్తుంది. షాపు ఉందని చెప్పింది ఆమె. ఏం షాపో అతను అడగలేదు. తొంభయ్యో రోజున ఆమే చెప్పింది.

"నాది బూట్ల రిపేరు షాపు. వంద పూర్తవగానే మీ బూట్లు తీసుకుని రండి. కొత్త సోల్స్ నా తరఫున."

ఆమెని చూడాలని ఉంది. బూట్లేమో కొన్న రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఆలోచించి ఆలోచించి, వర్క్‌షాపులో చెక్కని నున్నగా చేసే సాండింగ్ మెషీన్ ఆన్ చేశాడు.

అక్క తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసింది. "బూట్లకి పాలిష్ పెట్టేవాళ్ళని చూశాను గానీ, చిత్రిక పట్టేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నానురా."

"అవి అరగాలక్కా."

"నడిస్తే అరుగుతాయి కదరా."

"వంద రోజులు ఒక్క రోజులో ఎలా నడవను?"

అక్కకు విషయం పూర్తిగా అర్థమయ్యాక నవ్వలేదు. "ఆ అమ్మాయి పనే బూట్లతో. నువ్వు చేసేదీ పనే కదా, ఎవడైనా ప్లైవుడ్ తెచ్చి టేకు అంటే నమ్ముతావా?" అని లోపలికి వెళ్ళిపోయింది. అయినా మనవాడు మెషీన్ ఆపలేదు.

శనివారం వెళ్ళేసరికి బూట్లు కౌంటర్ మీదే ఉన్నాయి. కొత్త సోల్స్ వేయలేదు. పక్కన ఇంకో పాత జత ఉంది.

"ఇవి ఒక పోస్ట్‌మ్యాన్‌వి," అంది ఆమె. "మడమ బయటి అంచు చూడండి, అరిగి పల్చబడింది. బొటనవేలి కింద ఒక గుంట. లోపల అట్ట మీద పాదం అచ్చు పడింది. మీ వాటిలో అచ్చే లేదు. అడుగు మాత్రం బల్లలా చదునుగా ఉంది. మీ పప్పులు నా దగ్గర ఉడకవండీ."

"ఒక రోజు నడిచాను," అన్నాడు అతను. "మొదటి రోజు."

"అరవై ఒకటో రోజు గుర్తుందా? తడిసిన బూట్లు పెట్టారు. వానలో నడిచానన్నారు."

"మగ్గుతో నీళ్ళు పోశాను."

ఆమె పోస్ట్‌మ్యాన్ బూట్లు పక్కకి జరిపింది. "ఆ ఫొటో చూసే ఆ రోజు మొదటిసారి నీళ్ళలో తల ముంచాను. ఆయన అంత వానలో నడిచాడు, నేను ఒక్క మునక వేయలేనా అనుకుని."

అతనికి తల కొట్టేసినట్టయింది. తిడితే బాగుండేది. ఆమె తిట్టలేదు. బూట్లు కాగితంలో చుట్టి ఇచ్చింది.

"గ్రూపులో చెప్తారా?" అని అడిగాడు.

"నేనెందుకు చెప్తాను? అది మీరు చెప్పుకోవాల్సిన సంగతి."

ఆ సాయంత్రం అతను గ్రూపులో రాశాడు. "నేను వంద రోజులు నడవలేదు. ఒక్క రోజే నడిచాను. మిగతావన్నీ బూట్లకి తీసిన ఫొటోలు. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు. రేపటి నుంచి నడుస్తాను."

ముందుగా 'పొద్దున్నే లేస్తా' తేరుకున్నాడు. "అంటే అబద్ధం చెప్పే వీలు కూడా ఉందా ఇందులో? ఆ మాట నాకు ఒక్కరూ చెప్పలేదే."

లెక్కల మాస్టారు మాత్రం లెక్కల్లోనే మాట్లాడారు. "నీ పేరు 'సున్నా'గా మార్చాను నాయనా. నీ ఫొటోలు మాకొద్దు. నడిస్తే నడిచానను, లేకపోతే లేదను."

'ఈత' ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, తొమ్మిది రోజులు ఆమె పోస్టే లేదు. అతను మాత్రం రోజూ నడిచాడు, నడుస్తూనే రోజూ భయపడ్డాడు. తన మీద కోపంతో ఆమె నీళ్ళ దగ్గరికి వెళ్ళడమే మానేసి ఉంటే? తన పేరు సున్నా అయినా పరవాలేదు. ఆమెది కాకూడదు.

పదో రోజు ఆమె రాసింది. "ఎవరు నడిచినా నడవకపోయినా, నీళ్ళలో మునిగింది నా తలే. ఈ రోజు సగం దూరం ఈదాను."

అతను రోడ్డు మధ్యలో ఆగి చదువుకున్నాడు. వెనక సైకిల్ మీద వస్తున్నాయన పక్కకి తప్పుకోవయ్యా అని విసుక్కున్నాడు. మనవాడికి వినిపిస్తేగా.

తర్వాత ఓ రోజు అతను రాశాడు. "ఈ రోజు నడవలేదు. సాకు: వాన. నిజం: బద్ధకం."

వెంటనే విడిగా మెసేజ్ వచ్చింది. "నా మాట కాపీ కొట్టారు."

"అవును. కాదని అబద్ధం చెప్పనా?"

"వద్దులెండి."

అంతే మాట్లాడింది. ఆ నాలుగక్షరాల కోసం అతను మర్నాడు ఏడు కిలోమీటర్లు నడిచాడు.

నెల దాటాక ఒక సాయంత్రం, అతను ఆమె షాపున్న వీధిలో అవతలి వైపు నుంచి పోతుంటే, ఆమె షట్టర్ దించి రోడ్డు దాటి వచ్చింది. భుజాన టవల్ ఉన్న సంచి.

"రోజూ ఇటే వెళ్తున్నారు. ఊళ్ళో వేరే రోడ్లు లేవా?"

"ఉన్నాయి. మా ఇంటి నుంచి ఇక్కడికి వచ్చి వెళ్తే సరిగ్గా ఐదు కిలోమీటర్లు."

"కొలిచారా?"

"మూడుసార్లు."

ఆమె నవ్వు ఆపుకుందామని చూసింది, కుదరలేదు. "పూల్ దాకా నేనూ అటే," అంది. నడిచారు. సన్నగా తుంపర పడుతోంది. ఇద్దరి దగ్గరా గొడుగు లేదు, ఇద్దరికీ ఆ సంగతి గుర్తు రాలేదు. మర్నాడూ నడిచారు. అలా అలవాటైపోయింది. ఒక రోజు పూల్ నుంచి బయటికి వచ్చి, జుట్టు నుంచి నీళ్ళు కారుతుండగా, "ఆ చివర గోడ ముట్టుకున్నాను," అని ఆమె మొదట చెప్పింది అతనికే. గ్రూపుకి తర్వాత చెప్పింది.

అతనికి వంద రోజులు పూర్తవడానికి నూట ముప్పై ఒక్క రోజులు పట్టింది. నడవని ముప్పై ఒకటీ గ్రూపులో అందరికీ తెలుసు. ఆ మర్నాడు బూట్లు తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు.

ఆమె బోర్లా తిప్పింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. మడమ బయటి అంచు అరిగింది, బొటనవేలి కింద గుంట పడింది, లోపల పాదం అచ్చు ఉంది. అయినా ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఎడమది ఎక్కువ అరిగింది. మీరు ఎడమ పక్కకి ఒరిగి నడుస్తున్నారు."

"తెలుసు."

"కాలు నొప్పా?"

"లేదు. మీరు నడిచేది ఆ పక్కనే కదా. నెమ్మదిగా మాట్లాడతారు, సరిగ్గా వినపడదు."

ఆమె బూటు వైపే చూస్తోంది. చెవులు ఎర్రబడ్డాయి.

"మీరంటే నాకు ప్రేమ," అన్నాడు అతను. "నేను చెబితే నమ్మరని తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు."

"మీరు చెబితే నమ్మేదాన్ని కాదు," అంది ఆమె, అరిగిన అంచు మీద బొటనవేలు ఆనించి. "ఇది చెబితే నమ్మకుండా ఎలా?"

రసీదు పుస్తకం తీసింది. గ్రూపులో అతని పేరు ఇంకా సున్నాయే, మాస్టారు మార్చలేదు. ఆమె 'నడక' అని రాసి, చింపి, అతని చేతిలో పెట్టింది.

"శనివారం ఇస్తాను."

"అప్పటిదాకా ఏం వేసుకుని నడవను?"

"చెప్పులేసుకుని రండి," అంది. "నెమ్మదిగా నడుద్దాం."