వెనకాల ఖాళీ బండి వస్తోంది

బాలీమారలో సముద్రం వెంబడి వెళ్ళే రోడ్డు మీద ఒక బస్ స్టాపు ఉందనీ, చీకటి పడ్డాక దాని వంక తల తిప్పి చూడకూడదనీ ఐర్లండులో, కార్క్ ఊళ్ళో ఉండే మన తెలుగువాళ్ళందరికీ తెలుసు. ఎలా తెలుసంటే, ఇమ్రాన్ చెప్పాడు. ఇమ్రాన్ ట్యాక్సీ నడుపుతాడు. కర్నూలు మనిషి, దేనికీ జడిసే రకం కాదు. కిందటి చలికాలం ఎవర్నో ఆ ఊళ్ళో దింపి వస్తుంటే, మంచులో, రోడ్డు పక్క గోడకి అవతల, లైటు కింద బస్ స్టాపు కనిపించిందట. బెంచీ మీద నలుగురు. నలుగురివీ తెల్ల జుట్లు. నలుగురూ రాత్రి పడుకునేటప్పుడు వేసుకునే గౌన్లతో… పాపం, చలిలో ఉన్నారు కదా అని కారు ఆపి అద్దం దించాడు.

"నన్ను స్కూలు దగ్గర దింపుతావా?" అని అడిగిందట ఒకావిడ. ఆవిడకి తొంభై ఏళ్ళుంటాయి.

యాక్సిలరేటర్ మీద కాలు వేసినవాడు మళ్ళీ కార్క్ వచ్చాకే తీశాడు. మర్నాడు ఫోన్లో మ్యాపు తెరిచి చూస్తే, ఆ రోడ్డు మీద అక్కడ స్టాపన్నదే లేదు.

ఈ కథ బాలశౌరికి అతని మేనకోడలు ఫెబి చెప్పింది, అతను ఐర్లండులో దిగిన రెండో రోజే. బాలశౌరి పకపకా నవ్వాడు.

నవ్వడా మరి! ముప్ఫై రెండేళ్ళు రేపల్లె డిపోలో కండక్టరు చేసిన మనిషి. శ్మశానం పక్కన నైట్ హాల్టు పడుకున్నవాడు. బస్ స్టాపంటే భయపడమంటే ఎలా భయపడతాడు? రిటైరయ్యాక మూడు వారాలు చూసిపోదామని వచ్చాడు. ఫెబి ఆస్పత్రిలో నర్సు, దానికి సెలవు దొరకలేదు. "నాకు తోడెందుకే అమ్మాయ్, బస్సెక్కి తిరిగేవాడికి భాషతో పనేముంది" అని, బస్సు కార్డొకటి జేబులో వేసుకుని పొద్దున్నే బయల్దేరేవాడు. డబుల్ డెక్కర్ పైన ముందు సీట్లో కూర్చుని ఊరంతా తిరిగేవాడు. డ్రైవరే టిక్కెట్టు చూసుకుంటాడని, కండక్టరనే వాడే లేడని మొదటి రోజు అన్నం సరిగ్గా తినలేదు పాపం.

ఆ ఆదివారం బాలీమార వెళ్ళాడు. అక్టోబరు చివర. రంగురంగుల ఇళ్ళు, చేపల పడవలు, వేడివేడి బంగాళాదుంప ముక్కలు… ఫోన్లో ఛార్జింగ్ అయిపోయేదాకా వీడియోలు తీశాడు. రాత్రి ఎనిమిదింపావుకి ఆఖరి బస్సు. ఎనిమిదింటికే స్టాపులో చేతులు వెనక్కి కట్టుకుని దర్జాగా నిలబడ్డాడు.

బస్సు వచ్చింది… వచ్చినంత స్పీడుగానూ వెళ్ళిపోయింది!

ఆ దేశంలో చెయ్యి చాపితేనే బస్సు ఆగుతుంది. ఇన్నాళ్ళూ ఊళ్ళో జనం మధ్య నిలబడ్డాడు కాబట్టి ఎవరో ఒకరు చాపేవారు, ఇతను ఎక్కేవాడు. మనిషి నిలబడి ఉంటే బండి ఆగదా? బాలశౌరికి ఒళ్ళు మండిపోయింది. "ఒరేయ్, నీ దుంప తెగ! హోల్డాన్! హోల్డాన్!" అని తెలుగు కేకలు వేస్తూ కొంత దూరం పరిగెత్తాడు. ఎర్ర లైట్లు మంచులో కలిసిపోయాయి.

ఫెబికి రాత్రి డ్యూటీ. మావయ్య ఇంటికొచ్చి పడుకుని ఉంటాడనుకుంటుంది. తెల్లారేదాకా ఇతన్ని వెతికేవాళ్ళు లేరు. షాపులు కట్టేశారు. సముద్రం మీంచి గాలి ఎముకల్లోకి దిగుతోంది. ఎక్కడైనా మనుషులుండకపోతారా అని రోడ్డు పట్టుకుని నడిచాడు… నడిచాడు. చెయ్యి చాపితే చెయ్యి కనపడనంత మంచు.

ఎడమ పక్క గోడ మొదలైంది. గోడకి చిన్న ఇనపగేటు, ఓరగా తెరిచి ఉంది. లోపల… లైటు. లైటు కింద స్తంభం, బోర్డు, అద్దాల షెడ్డు, బెంచీ.

బస్ స్టాపు!

హమ్మయ్య అనుకున్నాడు. ఇమ్రాన్ కథ గుర్తుకొస్తే ఒట్టు. చలికి బుర్ర పని చెయ్యలేదు. గబగబా వెళ్ళి బోర్డు మీద టైములు చూశాడు. పావుగంటకో బస్సు! పోతే పోయిందిలే ఒక బస్సు, అనుకుంటూ కింద చిన్నక్షరాలు కూడా చదివాడు, అలవాటు కొద్దీ. టైమ్ టేబుల్ మీద వేసిన సంవత్సరం పందొమ్మిది వందల ఎనభై నాలుగు.

అప్పుడు… వెనకాల ఎవరో ఊపిరి పీల్చారు.

బెంచీ చివర ఒక ముసలావిడ. ఇందాక లేదు. లేక ఉందేమో, చూడలేదు. తెల్ల జుట్టు భుజాల మీద పడి ఉంది. పల్చటి గౌను. ఒళ్ళో హ్యాండ్ బ్యాగు, రెండు చేతులతో పట్టుకుని ఉంది. కాళ్ళకి ఊలు స్లిప్పర్లు, తడిసి ముద్దయిపోయాయి.

"వచ్చేస్తుంది," అందావిడ మెల్లగా. "ఇది ఎప్పుడూ లేటే."

బాలశౌరి ఆ తడిసిన స్లిప్పర్ల వంకే చూస్తున్నాడు.

"మా అమ్మ నిద్రపోదు. నేను ఇంటికి వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంటుంది."

ఈవిడకే ఎనభై అయిదు దాటి ఉంటాయి. ఈవిడ అమ్మకి… లెక్క వేస్తూనే ఆవిడ వంక మళ్ళీ తేరిపార చూశాడు. తెల్ల జుట్టు. రాత్రి గౌను. మ్యాపులో లేని స్టాపు. ఇమ్రాను! ఓరి దేవుడో, ఇమ్రాను చెప్పింది ఇదే!

"యేసు రక్తమే జయం… యేసు రక్తమే జయం…" అనుకుంటూ ఒక్కో అడుగూ వెనక్కి వేశాడు. గేటు పది గజాలు కూడా లేదు. తిరిగి పరిగెత్తబోయాడు.

ముసలావిడ కోటు చెయ్యి పట్టుకుంది.

ఆ వేళ్ళు అబ్బ… ఐస్ ముక్కలు. ఆవిడ ఏడుస్తోంది. "వెళ్ళకు," అంది. "అందరూ వెళ్ళిపోతారు. చీకట్లో నాకు భయం."

ఇక్కడ మన బాలశౌరి గురించి ఒక మాట చెప్పాలి. ఆఖరి ట్రిప్పులో ఆడమనిషి ఒంటరిగా దిగితే, ఇంట్లోవాళ్ళు లాంతరు పట్టుకుని వచ్చేదాకా బండి కదలనిచ్చేవాడు కాదు. డ్రైవరు తిట్టినా, ప్యాసింజర్లు గోల పెట్టినా, రిపోర్టు రాస్తామని బెదిరించినా సరే, "రైట్" చెప్పేవాడు కాదు. ముప్ఫై రెండేళ్ళ అలవాటు ఒక్క రాత్రిలో ఎక్కడికి పోతుంది?

కాళ్ళు గేటు వైపే లాగుతున్నాయి. అయినా కూర్చున్నాడు… ఆవిడ పక్కనే. దెయ్యమైనా ఆడకూతురే కదా అనుకున్నాడు.

తన కోటు విప్పి ఆవిడకి కప్పాడు. మంకీ క్యాపు తీసి తలకి తొడిగాడు. ఆ గడ్డకట్టిన చేతుల్ని తన చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతూ, కళ్ళు గట్టిగా మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు.

ఎంతసేపు గడిచిందో. ఎక్కడో గట్టు పైనుంచి టార్చి వెలుగు ఊగుతూ వచ్చింది. అడుగుల చప్పుడు. ఆపైన, ఆ మంచులో, ఆ ఐర్లండు గడ్డ మీద… శుద్ధమైన గుంటూరు తెలుగు!

"ఓరి నా తండ్రో! నోరా! ఇక్కడున్నావా తల్లీ! చంపేశావు కదే నన్ను!"

బాలశౌరి కళ్ళు తెరిచాడు. నర్సుల నీలం చొక్కా వేసుకున్న యాభై ఏళ్ళావిడ, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి ఉంది.

"అమ్మా, నువ్వు… మనిషివేనా?" అన్నాడు.

"అయ్యో, తెలుగాయనా! నా పేరు ఎస్తేరమ్మండీ. ఈ నర్సింగ్ హోములో పెద్దాళ్ళని చూసుకునే కేరర్ని. మీరెలా వచ్చారు లోపలికి?"

చెప్పాడు. ఎస్తేరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుపులోనే నవ్వొచ్చింది ఆవిడకి. "ఇది ఉత్తుత్తి స్టాపు అన్నయ్యగారూ! ఇక్కడికి బస్సే రాదు. ఇది మా తోట. మతిమరుపు జబ్బున్న పెద్దాళ్ళు సాయంత్రమైతే 'ఇంటికెళ్ళాలి, ఇంటికెళ్ళాలి' అని గొడవ చేస్తారు. తలుపులు వేస్తే గుండెలు బాదుకుంటారు. అందుకని పాత బోర్డొకటి తెచ్చి ఇక్కడ పాతారు. వచ్చి కూర్చుంటారు, బస్సొస్తుందని ఎదురుచూస్తారు. కాసేపటికి ఎందుకొచ్చారో మర్చిపోతారు, మేము టీ ఇస్తాం రండని లోపలికి తీసుకుపోతాం."

మన ఇమ్రాన్ చూసిన దెయ్యాలు వీళ్ళన్నమాట!

కానీ ఎస్తేరమ్మ అప్పటికే నవ్వడం మానేసింది. నోరా చెంపలు తడుముతోంది. "గంట పైనుంచి వెతుకుతున్నాం. తోట తలుపు అలారం మోగలేదు, అందుకే ముందు ఇటు చూడలేదు. గార్డ్స్‌కి, అదే ఇక్కడి పోలీసులకి, చెప్పి సముద్రం వైపు పంపించాం. అన్నయ్యగారూ, ఈవిడ ఒంట్లో వేడి లేదు. ఇంతసేపు బతికుందంటే మీ కోటు వల్లే. అంబులెన్సుకి ఫోన్ చేస్తాను, నేను పైకెళ్ళి చక్రాల కుర్చీ, దుప్పట్లు తెస్తాను. మనం మోస్తే పడుద్ది, తుంటి విరుగుద్ది. అయిదంటే అయిదు నిమిషాలు… మాట్లాడుతూ ఉండండి. కళ్ళు మూతలు పడనివ్వకండి. నిద్రపోయిందంటే మనకి దక్కదు."

టార్చి వెలుగు పైకి పరిగెత్తింది. బాలశౌరికి ఇప్పుడు భయం లేదు. దెయ్యం లేదు, ఏమీ లేదు, పాపం ఒక పెద్దావిడ, అంతే. "నోరమ్మగారూ, మీదే ఊరు? అన్నదమ్ములెందరు?" అని వచ్చిన ఇంగ్లీషంతా వాడేశాడు. ఆవిడ ఊఁ అంటోంది. ఆ ఊఁ చిన్నదవుతోంది. తల ఇతని భుజం మీదికి వాలుతోంది.

"లేవండి, లేవండి! కళ్ళు తెరవండి!"

తెరిచింది. ఇతన్ని కాదు, ముందుకి చూసింది. మొహమంతా విప్పారింది.

"చెప్పానా," అంది. "వచ్చేసింది."

ఇంజిను చప్పుడు…

రోడ్డు మీద కాదు. లోపల, తోటలో. పూల మొక్కల మధ్య నుంచి, పచ్చిక మీంచి, రెండు లైట్లు మంచుని చీల్చుకుంటూ నెమ్మదిగా వస్తున్నాయి. బాలశౌరి చూస్తూనే ఉన్నాడు. పాతకాలపు బస్సు. సరిగ్గా స్టాపు ముందుకొచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది… చప్పుడు లేదు.

లోపల దీపాలు. సీట్లలో జనం. ఒక్కరూ బయటికి చూడరు. అంత చలి రాత్రి, నిండా జనమున్న బస్సులో అద్దాలకి ఆవిరి పట్టాలి. ఆ సంగతి కండక్టరుకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? ఒక్క అద్దానికీ ఆవిరి లేదు.

మూడో వరసలో కిటికీ పక్క సీటు ఒకటి ఖాళీ.

"అమ్మ లోపలుంది," అంది నోరా. ఇందాక తల కూడా నిలపలేని మనిషి… లేచి నిలబడింది. కోటు జారిపోయింది. అడుగు ముందుకి వేసింది. ఇంకో అడుగు.

ఆ బండి ఎక్కడికి పోతుందో బాలశౌరికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఇంకో రెండు నిమిషాల్లో ఎస్తేరమ్మ వచ్చేస్తుంది. రెండే రెండు నిమిషాలు! ఎగిరి ఆవిడకీ బస్సుకీ మధ్య దూకాడు. ఫుట్‌బోర్డుకి అడ్డంగా చెయ్యి పెట్టాడు. ముప్ఫై రెండేళ్ళు సంతల్లోనూ తిరనాళ్ళలోనూ అరిచిన గొంతు, దానంతటదే లేచింది.

"ఫుల్! ఫుల్! బండి ఫుల్! నిలబడ్డానికి కూడా చోటు లేదు. వెనకాల ఖాళీ బండి వస్తోంది, దాంట్లో రండమ్మా!"

డ్రైవరు తల తిప్పాడు. టోపీ కింద మొహం ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఒకసారి ఆ ఖాళీ సీటు వంక చూశాడు. తర్వాత ఇతని వంక.

బాలశౌరి కుడి చెయ్యి ఎత్తి ఆ బస్సు రేకు మీద దబదబా రెండు దెబ్బలు వేశాడు.

"రైట్! రైట్!"

తలుపు మూసుకుంది. లైట్లు కదిలాయి… తోటలోంచి పైకి, ఆ నర్సింగ్ హోము బిల్డింగు వైపు వెళ్ళాయి. మంచు మళ్ళీ కమ్మేసింది. నోరా ఇతని చేతుల్లో కూలబడిపోయింది. అటునుంచి చక్రాల కుర్చీ గడగడా దిగి వచ్చింది, వెనకే అంబులెన్సు సైరన్.

రాత్రి నంబరు తీసుకుని, ట్యాక్సీ పిలిచి అతన్ని ఇంటికి పంపిన ఎస్తేరమ్మ మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, నోరా గ్రాండ్! బ్రహ్మాండంగా ఉంది! ఆస్పత్రి నుంచి పొద్దున్నే పంపించేశారు. ఓట్స్ జావ తాగింది. కూర్చుని మిమ్మల్ని తిడుతోంది."

"నన్నా?"

"'ఆ కండక్టరు నన్ను ఎక్కనివ్వలేదు. వెనకాల ఖాళీ బండి వస్తోందని అబద్ధం చెప్పాడు' అని ఒకటే గోల! భలే కబుర్లు చెప్పి కూర్చోబెట్టారండీ. మీ మేలు ఈ జన్మకి మర్చిపోను."

బాలశౌరి ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"మాకే రాత్రి కలిసి రాలేదు," ఎస్తేరమ్మ గొంతు తగ్గింది. "మీరు వెళ్ళాక పైకొచ్చి చూస్తే… నోరా పక్క గదిలో డెనిస్ అని ఒకాయన. డెబ్బై రెండేళ్ళు, ఏ జబ్బూ లేదు, ఉన్నదల్లా మతిమరుపే. వచ్చే వారం కొడుకొచ్చి ఇంటికి తీసుకెళ్తానన్నాడు. నిద్రలోనే పోయాడండి."

"ఎన్నింటికి?"

"మనం కింద ఉన్నప్పుడే అయ్యుంటుందంటున్నారు డాక్టరుగారు. నోరాకి ఇంకా చెప్పలేదు. కానీ అన్నయ్యగారూ… అదేంటో, పొద్దున తనే అంది. 'నా సీట్లో డెనిస్ కూర్చున్నాడు' అని. ఏ సీటు అంటే చెప్పదు. మీకేమైనా తెలుసా?"

వంటింట్లో ఫెబి అన్నానికి పిలుస్తోంది. బాలశౌరి ఆ బస్సు రేకు మీద కొట్టిన కుడి అరచెయ్యి వంక చూసుకున్నాడు. "తెలీదు చెల్లెమ్మా," అన్నాడు. అన్నం ముందు కూర్చున్నాడు కానీ, ఆ పూట ముద్ద దిగలేదు.