కుట్టు మాస్టారి ఎడమ కన్ను

వచ్చినామె కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"మేడమ్, మా మామగారికి నేను విషం పెడుతున్నానట. వీధిలో అందరికీ వినిపించేలా అన్నారు. ఎల్లుండికల్లా ఇల్లు వదిలి పొమ్మన్నారు. పెట్టలేదని తేల్చండి, చాలు."

డిటెక్టివ్ మేడమ్ పెన్ను మూత తీసింది. ఆవిడ మూత తీస్తే అవతలివాళ్ల గుట్టుకు మూత ఊడుతుందని సహాయకుడి నమ్మకం. ఆరేళ్లుగా ఆవిడ వెనక నడిచి నడిచి అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

మామగారు పేరుమోసిన కుట్టు మాస్టరు. మూడు వారాలుగా చలిజ్వరం, ఆపైన దగ్గు, ఈ ఉదయం నుంచి ఎడమ కన్ను మసక.

"కుట్టే ఇంట్లో కుట్రన్నమాట," అన్నాడు సహాయకుడు. ఎవరూ నవ్వలేదు.

వాళ్లు వెళ్లేసరికి మాస్టరు మంచం మీదే కూర్చుని కోటు అంచు మడుస్తున్నాడు. పెదవుల మధ్య రెండు గుండుసూదులు.

"వంట అందరికీ ఒకటేనా?" మేడమ్ అడిగింది.

"ఒకటే." సూదులు కదల్లేదు. "నాకొక్కడికే ఎందుకొచ్చింది మరి? వడ్డించేది ఆవిడే."

"నొప్పి ఎక్కడ?"

ఆయన కుడి డొక్క పట్టుకున్నాడు.

"జ్వరానికి ముందు ఏమైనా జరిగిందా?"

మాస్టరు కొడుకు గొంతు సవరించుకున్నాడు. "నెల కిందట కొలతలు తీస్తూ తుమ్మారు. గొంతులో ఏదో గుచ్చుకుందని నీళ్లు తాగారు. అంతేనండి."

"తుమ్ము కూడా కేసేనా?" మాస్టరు గద్దించాడు.

"విషం ఉంటే పరీక్షలో దొరుకుతుంది మాస్టారూ. సాక్ష్యం మీ ఒంట్లోనే ఉంది, పదండి."

అంతవరకూ ఆస్పత్రి మాటెత్తితే మండిపడ్డ మనిషి, కోడల్ని పట్టించాలన్న పట్టుదలతో ఆటో ఎక్కేశాడు.

మూడో రోజు మేడమ్ అందరినీ ఆయన మంచం చుట్టూ చేర్చింది. ఎక్స్‌రే ఫిల్ము కిటికీకి ఎత్తిపట్టింది. అందులో సన్నటి తెల్ల గీత.

"ఇది మీ గుండుసూది. తుమ్ముతో గొంతు దిగింది. కడుపు గోడను పొడుచుకుని కాలేయంలో నాటుకుంది. దాని వెంట వెళ్లిన క్రిములు అక్కడ చీముగడ్డ కట్టాయి. చలిజ్వరం అందుకే. అక్కడి నుంచి నెత్తుట్లో పడి ఊపిరితిత్తులకు పోయాయి, దగ్గు. కంటికి పోయాయి, మసక. మూడు చోట్ల నేరం, ముఠా ఒక్కటే."

'చీమూ నెత్తురూ ఉన్న మనిషి అంటే పొగడ్త అనుకున్నానే, రెండూ కలిస్తే ఇంత పని చేస్తాయా' అనుకున్నాడు సహాయకుడు.

"నలభై ఏళ్ల సర్వీసు," మాస్టరు గొణిగాడు. "ఒక్క సూదీ మింగలేదు."

"పనితనాన్ని అనుమానించడానికి మనసొప్పలేదు మీకు. కోడల్ని అనుమానించడానికి ఒప్పింది."

డాక్టరు తల ఊపాడు. "చీము తీశాం, సూదీ తీశాం. చూపు కొంతైనా దక్కుతుంది. ఇంకొక్క రోజు ఆగితే కన్నే పోయేది."

కోడలు ముందుకొచ్చింది. "ఇల్లు ఎప్పుడు వదలమంటారు మామయ్యా?"

మాస్టరు చేతులు ఊనుకుని లేచి కూర్చున్నాడు. వార్డంతా వినిపించేలా గొంతెత్తాడు.

"అందరూ వినండి. ఈవిడ నా కోడలు. నేను నింద వేస్తే ఏడుస్తూ కూర్చోకుండా నిజం వెతికించి నా కన్ను నిలబెట్టింది. తప్పు నాది."

"ఇదే మాట మన వీధిలోనూ చెప్పాలి. ఇంత గట్టిగానూ."

"చెబుతానమ్మా. ముందు నన్ను లేచి నడవనీ."

"నడిచేదాకా ఆగుతాను," అని కోడలు డాక్టరు చేతిలోంచి మందుల చీటీ అందుకుంది. తలెత్తుకుని వార్డు మధ్యలోంచి నడిచి వెళ్లింది.