పదకొండు నిమిషాల తలుపు

ఉయ్యూరు నుంచి విజయవాడ వెళ్ళే ఎనిమిదింపావు బస్సులో ఎలీషా గొంతు డ్రైవర్ సీటు నుంచి ఆఖరి సీటు దాకా వినపడుతోంది. అది క్రిస్మస్ మర్నాడు. బస్సులో సగం మంది ఇంకా నిన్నటి బిర్యానీ మత్తులోనే ఉన్నారు. ఎలీషాకి మాత్రం నిన్నటి కోపం దిగలేదు.

"పదహారేళ్ళుగా చూస్తున్నాన్రా ఈ ధ్రువనౌక సీరియల్‌ని," అని ఫోన్లో స్నేహితుడికి చెబుతున్నాడు. "ఏడాదికోసారి క్రిస్మస్ స్పెషల్ కదా అని, చర్చి నుంచి వచ్చి కొత్త చొక్కా కూడా మార్చకుండా కూర్చున్నా. గంటన్నర ఎపిసోడ్‌లో పదకొండు నిమిషాలు ఒక్క తలుపు! అటు ఆయన, ఇటు ఆవిడ, మధ్యలో తలుపు. తియ్యొచ్చుగా? తియ్యరు!"

"ఏవండీ."

ముందు సీట్లోంచి ఒక అమ్మాయి వెనక్కి తిరిగింది. కంకిపాడులో ఎక్కినట్టుంది. లేత పసుపు చీర, ఒళ్ళో టిఫిన్ డబ్బా, కళ్ళల్లో మంట.

"కాస్త మెల్లగా మాట్లాడతారా? ఇంకా చూడనివాళ్ళు కూడా ఉంటారు బస్సులో."

"అయ్యో, సారీ అండీ. మీరు చూళ్ళేదా?"

"చూశాను. రెండుసార్లు. అందుకే ఇంత కోపం."

ఎలీషా ఫోన్ పెట్టేశాడు. స్నేహితుడితో వాదించడం కంటే ఈ అమ్మాయితో వాదించడమే బావుంటుందని అతనికి రెండు క్షణాల్లో అర్థమైంది.

ఇంతకీ గొడవ ఏమిటంటే, ఆరేళ్ళ కిందట అంతరిక్షంలో తప్పిపోయిన ఇంజనీరు సారంగ్ ఒక చిన్న నౌకలో తిరిగి వస్తాడు. కెప్టెన్ మృదుల పరుగున తలుపు దగ్గరికి వెళుతుంది. కానీ తలుపు వెంటనే తియ్యడానికి వీల్లేదు. ఆ పదకొండు నిమిషాలూ ఇద్దరూ తలుపుకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకుంటారు. అంతే సీను. రాష్ట్రంలో సగం మంది ఏడిస్తే, సగం మంది ఆవలించారు.

"అసలు తలుపు ఎందుకు తియ్యలేదో తెలుసా మీకు?" అందా అమ్మాయి.

"నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తానండీ. అటు గాలి ఒత్తిడి వేరు, ఇటు వేరు. సమం కాకుండా తీస్తే ఇద్దరూ ఎగిరిపోతారు. సైన్స్ కరెక్టే. కానీ ఒక్క నిమిషంలో చూపించెయ్యొచ్చు."

"ఆరేళ్ళ తర్వాత వచ్చిన మనిషితో ఒక్క నిమిషమేనా?"

"లోపలికి రానిచ్చి, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి మాట్లాడొచ్చు కదండీ!"

"కాఫీ ఇచ్చాక ఆ మాటలు రావండీ," అంది.

పిల్లలకి జవాబులు చెప్పి చెప్పి అలవాటైన ఎలీషాకి ఎవరైనా తన మాట తిప్పికొట్టడం కొత్త. బెంజి సర్కిల్‌లో ఆమె దిగిపోతుంటే పేరైనా అడగలేదని గుర్తొచ్చి, కిటికీలోంచి సగం బయటికి వంగి అడిగాడు.

"దీవెన!" అని అరిచి చెప్పింది. "వంగకండి, చెయ్యి విరుగుద్ది!"

మర్నాటి నుంచి ఎలీషా ఉయ్యూరులోనే పక్క సీట్లో బ్యాగు పెట్టి దీవెన కోసం ఆపడం మొదలుపెట్టాడు.

"కంకిపాడులో ఎక్కేవాళ్ళకి ఉయ్యూరులో సీటు ఆపుతారా సార్?" అని కండక్టరమ్మ నిలదీసింది.

"బ్యాగు బరువుగా ఉందండీ."

"బరువు బ్యాగులో ఉన్నట్టు లేదు," అనేసి ఆవిడ టిక్కెట్లు కొట్టుకుంటూ పోయింది.

దీవెన బెంజి సర్కిల్ దగ్గర మంగళగిరి చీరల షాపులో పనిచేస్తుంది. రోజూ మధ్యాహ్నం ఫోన్ కెమెరా ముందు నిలబడి, చీరలు భుజాన వేసుకుని లైవ్‌లో చూపిస్తుంది. కింద కామెంట్లు వస్తూనే ఉంటాయి.

"అంచు బాలేదన్నా, రంగు బాలేదన్నా, ఆఖరికి నా మొహం బాలేదన్నా 'థాంక్యూ అండీ' అని నవ్వాలి," అంది ఒకరోజు.

"మీ మొహం బాలేదన్నది ఎవరండీ? ఐడీ చెప్పండి, చూసుకుంటా."

"మీరు కూడా అలాగే రాస్తారేమో ఎక్కడో!"

ఎలీషా గతుక్కుమన్నాడు. ఎందుకంటే రాస్తాడు. ధ్రువనౌక ప్రేక్షకులు అభిప్రాయాలు రాసే పేజీలో అతనికి 'నిర్మొహమాటం' అని ఒక మారుపేరు ఉంది. క్రిస్మస్ రోజు ఎపిసోడ్ చివర పేర్లు పడకముందే టీవీ కట్టేసి, అదే ఊపులో రెండు నక్షత్రాలిచ్చి, ఆఖర్న ఒక చురక కూడా అంటించాడు: 'ఈ సీను రాసింది రైటర్ కాదు, ఎక్కడో గేటు కాసుకునే మనిషై ఉంటాడు.' దానికి నాలుగు వేల లైకులు వచ్చాయి. మొన్నటిదాకా ఆ లైకులు చూసుకుని మురిసిపోయాడు కూడా.

"అబ్బే, నేనెందుకు రాస్తానండీ," అన్నాడు నిర్మొహమాటం గారు.

ముప్ఫయ్యో తారీఖున దిగబోతూ దీవెన అంది, "ఒకటో తారీఖు మా ఇంటికి రండి. మా నాన్నని చూద్దురుగాని. ఆయనకీ ధ్రువనౌక పిచ్చే. మీకొక సర్‌ప్రైజ్ ఉంది."

ఆ రోజంతా ఎలీషా బోర్డు మీద లెక్కలు తప్పు చేస్తూనే ఉన్నాడు. పిల్లలు సంతోషంగా రాసుకున్నారు.

కానీ ముప్ఫై ఒకటిన దీవెన బస్సెక్కినప్పుడు మొహంలో కళ లేదు.

"ఏమైందండీ?"

"సర్‌ప్రైజ్ పాడైపోయింది." ఆమె బయటికి చూస్తూ చెప్పింది. "ఆ తలుపు సీను మా నాన్నదండీ. మరియదాసని, కంకిపాడులో కాలవ లాకుల దగ్గర గేట్లు తీస్తూ మూస్తూ ముప్ఫయ్యొక్క ఏళ్ళు పనిచేశాడు. కాలవలో పడవలు తిరిగే రోజుల్నుంచి ఉన్నాడు. కిందటేడు స్పెషల్లో కెప్టెన్ బటన్ నొక్కి తలుపు టక్కున తీసేసింది కదా, నాన్నకి ఒళ్ళు మండింది. అటూ ఇటూ సమం కాకుండా తలుపు తియ్యకూడదమ్మా అని ఆ సీరియల్ వాళ్ళకి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. వాళ్ళు ఫోన్ చేశారు. ఈ ఏడు సీను పెట్టారు. ఆఖర్లో నాన్న పేరు కూడా వేశారు. మా వీధంతా టపాకాయలు కాల్చారు తెలుసా?"

ఎలీషాకి తను అంటించిన చురక గుర్తొచ్చింది.

"నిన్న ఎవరో ఇది పంపించారు." ఫోన్ చూపించింది. గేటు కాసుకునే మనిషి. నాలుగు వేల లైకులు. "నాన్న చదివి అన్నం మధ్యలో లేచాడు. 'నిజమే కదమ్మా, గేటు కాసుకునేవాణ్ణే కదా' అన్నాడు. అంతే."

బస్సు గంగూరు దాటింది. ఆ నిర్మొహమాటం ఎవరో ఎవరికీ తెలియదు. ఫోన్ తీసి రెండుసార్లు నొక్కితే ఆ రాత పోతుంది. రేపు వెళ్ళి ఆ పెద్దాయన పక్కన కూర్చుని, ఎవడండీ ఆ వెధవ అని తనూ నాలుగు తిట్లు తిట్టొచ్చు. దీవెన నవ్వుతుంది. జీవితాంతం పక్కన కూర్చునే అవకాశం కూడా ఉంది.

పెనమలూరు స్టాపు వచ్చింది, పోయింది.

"ఆ నిర్మొహమాటం నేనేనండీ," అన్నాడు ఎలీషా.

దీవెన అతని మొహంలోకి చూసింది. తిట్టి ఉంటే బావుండేది. పోరంకిలో బస్సు ఆగగానే డబ్బా తీసుకుని లేచింది.

"మీ స్టాపు ఇంకా చాలా దూరం కదండీ..."

"తెలుసు," అని దిగిపోయింది.

జనవరి ఒకటిన పొద్దున్నుంచీ ముసురు. సముద్రంలో వాయుగుండం అన్నారు. ఎలీషా చర్చిలో ఆరాధన అయ్యాక కేకుల కొట్టు దాకా వెళ్ళి, లంచం ఇచ్చినట్టుంటుందని ఊరికే వెనక్కి వచ్చి, బస్సెక్కి కంకిపాడులో దిగాడు. గొడుగు ఇంట్లోనే ఉండిపోయింది. లాకు మరియదాసు గారిల్లంటే అడిగిన మొదటి మనిషే చూపించాడు.

వరండాలో ఒక పెద్దాయన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. ఆయన వెనక వీధి తలుపు మూసి ఉంది.

"నా పేరు ఎలీషా అండీ," అన్నాడు, మెట్టు ఎక్కకుండానే. "ఆ మాట రాసింది నేనే. మీ పేరు పడకముందే టీవీ కట్టేశాను. మీరని తెలీదు. తెలీకపోయినా అనకూడదు. క్షమించండి."

"రెండు నక్షత్రాలబ్బాయి వచ్చాడే!" అని పక్కనున్న వంటింటి కిటికీలోంచి దీవెన అమ్మ శౌరమ్మ గొంతు వినిపించింది.

"తడుస్తున్నావు, పైకి రా," అన్నారు మరియదాసు. "సీను బాలేదన్నావు. అది నీ ఇష్టం బాబూ, చూసినోడు చెప్తాడు. గేటు కాసేవాడన్నావు. అదీ నిజమే. నాకు బాధెక్కడంటే, కాసేవాడికి రాయడం రాదనుకున్నావు చూడు, అక్కడ."

ఎలీషాకి తల ఎత్తబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళలో ఏ పరీక్షలో తప్పినా ఇంత సిగ్గు పడలేదు.

"కూర్చో. రెండు చిక్కుడుకాయలు పట్టుకో," అని ఆయన చేట ముందుకు జరిపారు. "పడవ లోపలికొచ్చాక వెనక తలుపేసేస్తాం. ముందు తలుపు తియ్యం. తూము వదుల్తాం. నీళ్ళు ఎక్కుతా ఉంటే పడవ కూడా మెల్లగా పైకి లేస్తది. రెండువైపులా సమం కాకముందు పదిమంది తోసినా ఆ తలుపు రాదు. సమం అయిందా, చంటిపిల్ల తోసినా వచ్చేస్తది. మా లాకు నిండడానికి పదకొండు నిమిషాలు."

"అందుకేనా పదకొండు?"

"అందుకే." ఆయన కిటికీ వైపు చూసి గొంతు తగ్గించారు. "ఇంకోటి కూడా ఉందిలే. శౌరమ్మ వాళ్ళ నాన్నది గడ్డి పడవ. వారానికి రెండుసార్లు వచ్చేవాళ్ళు. నేను గట్టు మీద, ఆవిడ పడవలో. పదకొండు నిమిషాలు. తలుపు తీస్తే వెళ్ళిపోద్ది. నేను మాట్లాడిందంతా ఆ కాస్తలోనే."

"అదంతా ఆ ఉత్తరంలో కూడా రాశాడు బాబూ, నా పరువు తీశాడు," అంది శౌరమ్మ కిటికీలోంచి. ఆ గొంతులో కోపం వెతికినా దొరకలేదు.

మరియదాసు చేట పట్టుకుని లేచారు. "నా వంతు అయిపోయింది. ఆ తలుపెనకాల ఉన్నావిడ సంగతి నువ్వే చూసుకో." ఆయన పెరటి దోవన వెళ్ళిపోయారు.

ఎలీషా తలుపు ముందు నిలబడ్డాడు. గాలికి జల్లు వీపు మీద కొడుతోంది.

"దీవెన గారూ."

ఎలీషా తలుపుకి ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"ఎంతసేపు నిలబడమంటారండీ?"

"మీకు తెలీదా?" లోపలి నుంచి వచ్చింది గొంతు. "టైము చూసుకోండి."

ఎలీషా వాచీ చూసుకున్నాడు. తర్వాత దాన్ని చూడటం మర్చిపోయాడు.

"నేను ఎవరికోసం ఎక్కడా నిలబడలేదండీ ఇంతవరకూ. అందుకే ఆ సీను నాకు పొడుగనిపించింది."

"నిన్న బస్సులోనే డిలీట్ చేసేసి ఊరుకోవచ్చుగా? నాకు తెలిసేది కాదు."

"చేద్దామనుకున్నా. గంగూరు నుంచి పెనమలూరు దాకా అదే అనుకున్నా. మీ పక్కన అలా కూర్చోబుద్ధి కాలేదు."

"ఇప్పుడైనా డిలీట్ చేశారా?"

"లేదు. చేస్తే అననే లేదన్నట్టవుతుంది. దాని కిందే నా సొంత పేరుతో క్షమాపణ రాస్తాను. ఆ నాలుగు వేల మందీ చూడాలి."

లోపల గాజులు కదిలిన చప్పుడైంది. ఎలీషా చెబుతూనే ఉన్నాడు. బస్సులో సీటు ఆపడానికి బ్యాగులో రెండు పాత డిక్షనరీలు పెట్టుకుని తిరిగానని చెప్పాడు. ఆమె షాపు లైవ్ చూడటానికి మధ్యాహ్నం క్లాసు మార్చుకున్నానని, చీరల గురించి ఏమీ తెలియకపోయినా ప్రతి చీరకీ 'అంచు చాలా బావుంది' అని కామెంట్ పెట్టింది తనేనని చెప్పాడు. మీరంటే నాకు ఇష్టం, రోజూ వాదించాలని ఇష్టం, ఓడిపోవాలని ఇంకా ఇష్టం అన్నాడు. ఇంట్లో అమ్మకి కూడా చెప్పాననీ, ఆర్.సి.ఎం. క్యాథలిక్కులా, అయితే పాటలు బాగా పాడతారు అందనీ చెప్పాడు.

"మా గుళ్ళో ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునేవాళ్ళు కూడా ఇంతసేపు చెప్పరు," అంది కిటికీలోంచి శౌరమ్మ.

ఎలీషా ఉలిక్కిపడ్డాడు. "దీవెన గారూ, పదకొండు అయ్యాయేమో చూస్తారా?"

"ఇరవై మూడు అయ్యాయండీ."

"మరి తలుపు?"

"గడియ ఎప్పుడో తీశాను. మీరే తొయ్యలేదు."

ఎలీషా అరచెయ్యి ఆనించాడు. తలుపు తేలిగ్గా వచ్చేసింది. అవతల దీవెన తువ్వాలు పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు తడిగా ఉన్నాయి, పెదాలు మాత్రం నవ్వు ఆపుకోలేకపోతున్నాయి.

"తల తుడుచుకోండి. కాఫీ తెస్తాను," అంది.

ఆ సాయంత్రం ధ్రువనౌక పేజీలో, నాలుగు వేల లైకుల రాత కింద ఎలీషా తన పేరుతో క్షమాపణ రాశాడు. మరియదాసు గారెవరో, లాకు ఎలా పనిచేస్తుందో వివరంగా రాశాడు. రెండు నక్షత్రాలు తీసి ఐదు పెట్టాడు. చివర్లో ఇంకో వాక్యం కలిపాడు: 'ఒక్కటే ఫిర్యాదు. ఆ సీనుకి పదకొండు నిమిషాలు చాల్లేదు.'

ఐదు నిమిషాల్లో జవాబు వచ్చింది. కంకిపాడు నుంచి, మరియదాసు గారి పేరు మీద.

'లాకు పదకొండు నిమిషాలకే నిండుద్ది బాబూ. మిగతా మాటలు పెళ్ళయ్యాక మాట్లాడుకోండి. ఆదివారం గుళ్ళో పూజ అయ్యాక ఇంట్లోనే ఉంటాం, మీ అమ్మగారిని తీసుకురా.'