ఎదుటి గడిలో ఎవరు

సెలవురోజు మధ్యాహ్నం ఆఫీసంత సుఖమైన చోటు ఇంకోటి లేదని అక్క నమ్మకం. ఫోన్లు మోగవు. "ఒక్క నిమిషం" అంటూ వచ్చి గంట కూర్చునే మహానుభావులుండరు. మూడో అంతస్తులో కొత్తగా వేసిన రంగు వాసన, కిటికీలోంచి ఎండ, తనూ, తన కంప్యూటరూ. అంతే.

ఆఫీసులో పెద్దా చిన్నా అందరూ ఆమెను అక్కనే అంటారు. ఆ పేరు తెచ్చిపెట్టింది చెల్లెలు గువ్వ. అదే అంతస్తులో నక్షాలు గీసేది. ఏ చిన్న అనుమానమొచ్చినా ఈ చివర్నించి ఆ చివరికి "అక్కా!" అని ఒక్క కేక పెట్టేది. పద్నాలుగు నెలల క్రితం ఈ అంతస్తు తగలబడినప్పుడు పదిమంది బయటపడ్డారు. గువ్వ పడలేదు. పిలిచే మనిషి పోయింది, పిలుపు మాత్రం అందరి నోళ్లలో ఉండిపోయింది.

"బ్యాగు కోసం వెనక్కి వెళ్లుంటుంది. అసలు మెట్ల తలుపు దాకా రానేలేదు" అని చెప్పాడు అక్క భర్త. ఆయనే ఆ అంతస్తుకి మేనేజరు. అందరినీ దింపి చివర దిగినవాడు. జ్వరంతో ఆరోజు ఇంట్లో పడుకున్న అక్క మొదట్లో ఆ మాటే నమ్మింది. చుట్టాలు కూడా నమ్మారు. "బ్యాగుకి ఆశపడి ప్రాణం పోగొట్టుకుంది" అని వాళ్లంటుంటే అమ్మ తలొంచుకుని కూర్చునేది. అది చూసినప్పుడల్లా అక్కకి కడుపు రగిలిపోయేది. గువ్వ అజాగ్రత్త మనిషే, ఎవరు కాదన్నారు? కానీ బ్యాగు కోసం చచ్చేంత వెర్రిబాగులది కాదు. అది తలుపు దాకా రాగలిగేదా లేదా, ఒక్కసారి తేల్చుకోవాలి.

అందుకే ఈ పని పెట్టుకుంది. కొత్తగా కట్టిన అంతస్తులోంచి జనం త్వరగా ఎలా బయటపడాలో చూపించే ప్రోగ్రాము కావాలని కంపెనీవాళ్లంటే, నేను రాస్తానని ముందుకొచ్చింది. మనుషుల్ని మాత్రం ఆరోజు ఎవరెక్కడ కూర్చున్నారో అక్కడే పెట్టింది.

తెరమీద అంతస్తంతా గళ్ల కాగితంలా ఉంటుంది. గోడకి నల్లగడి, ఖాళీకి తెల్లగడి, మనిషికో అంకె. భర్త నాలుగు, గువ్వ పదకొండు. ఒక్కొక్కరికీ ఓ చిన్న సూత్రం: కుడికి తిరుగు, ఎడమకి తిరుగు, అడుగెయ్యి. మొదట్లో అన్నీ గుడ్డెద్దు చేలో పడ్డట్టే తిరుగుతాయి. త్వరగా బయటపడ్డవాళ్ల సూత్రాల్ని కలిపి, వాటికి పిల్లల్లా కొత్త సూత్రాల్ని పుట్టిస్తూ పోతే, తరం తరానికీ తెలివి వస్తుంది. వీటన్నిటికీ కాళ్లూ చేతులూ "అడుగెయ్యి" అన్న ఆజ్ఞే. ఆవేళ అక్క రాస్తున్నది దాన్నే. ఎదుటి గడి ఖాళీగా ఉందేమో చూడు. ఉంటే మనిషిని అందులో పెట్టు, లేకపోతే ఉన్నచోటే ఉంచు.

రాసి, నడిపించి, నవ్వుకుంది. ఏం చేసిందంటే, మనిషిని కొత్తగడిలో పెట్టింది గానీ పాతగడిని ఖాళీ చెయ్యడం మరిచిపోయింది. ఈ పని చేసే ప్రతివాళ్లూ ఒక్కసారైనా చేసే పొరపాటే అది. గువ్వ కుర్చీ దగ్గర్నించి తలుపు దాకా వరసగా పదకొండు, పదకొండు, పదకొండు...

"ఎంతమందివే నువ్వు!" అంది అక్క పైకే. అన్నాక ఇంక నవ్వు రాలేదు. ఒక్క వాక్యం చేర్చి ఆ వరసని తుడిచేసింది.

మళ్లీ నడిపించింది. నలభయ్యో తరానికల్లా పదిమందీ చకచకా తలుపు దాటి తెరమీంచి మాయమయ్యారు. పదకొండు కూడా చక్కగానే వచ్చింది. ఎక్కడా ఆగలేదు, వెనక్కి తిరగలేదు. తలుపు ముందు గడి దాకా వచ్చి నిలబడిపోయింది.

అడుగెయ్యి. కదల్లేదు. అడుగెయ్యి. కదల్లేదు.

తలుపు గడి చూస్తే తెల్లగానే ఉంది. ఆజ్ఞ మాత్రం ఖాళీ లేదంటోంది. నా రాతలోనే ఏదో తప్పుందిలే అనుకుని, ఎదుటి గడిలో ఉన్నదెవరో అంకె చూపించమని ఇంకో వాక్యం రాసింది అక్క.

నాలుగు.

కళ్లు నులుముకుంది. నాలుగు ఎప్పుడో బయటపడ్డాడు కదా! మళ్లీ పాత పొరపాటే చేశానేమోనని ఆజ్ఞనంతా వేలు పెట్టి చదివింది. సరిగ్గానే ఉంది. ఆమెకీ మొండితనం వచ్చింది. నాలుగో మనిషినే జాబితాలోంచి తీసిపారేసింది. ఇప్పుడీ అంతస్తులో నాలుగన్నవాడే లేడు. నడిపించింది.

పదకొండు తలుపు ముందుకొచ్చి ఆగింది.

ఎదుటి గడిలో నాలుగు.

గదిలో రంగు వాసన పోయింది. ఎప్పుడు పోయిందో తెలీదు... తడిసిన బూడిద వాసన వేస్తోంది. ఎండ ఎండలాగే ఉంది. తెరమీద పదకొండు ఇంకా ప్రయత్నిస్తూనే ఉంది. ఇరవై ఒకటోసారి... ఇరవై రెండోసారి... ఇరవై మూడోసారి. ఆగిపోయింది. సూత్రం మార్చినా, తరం మారినా ఇరవై మూడే.

మెట్లమీద అడుగుల చప్పుడైంది. తలుపు అవతల్నించి భర్త గొంతు.

"పొద్దుననగా వచ్చావు. భోజనం చెయ్యవా ఏంటి?"

"ఆగండి," అంది అక్క. "అక్కడే ఉండి ఒక్కమాట చెప్పండి. ఆరోజు గువ్వ తలుపు దాకా వచ్చిందా?"

పద్నాలుగు నెలలుగా ఎప్పుడడిగినా రాలేదని ఠక్కున చెప్పే మనిషి...

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు గుసగుసగా.

అంతే. ఆ ఒక్కమాటతో అక్కకి అంతా తెలిసిపోయింది. పెళ్లయిన పన్నెండేళ్లలో ఆయన్ని ఎప్పుడూ నువ్వు అనలేదు. ఇప్పుడంది.

"తలుపు నువ్వే పట్టుకున్నావా?"

"పొగ మెట్లమీదకి వచ్చేస్తుందనుకున్నాను. కింద ఇంకా జనం దిగుతున్నారు. భయమేసిందే..."

"అది తలుపు కొట్టిందా?"

"ఇరవై మూడు సార్లు." ఏడుస్తున్నాడు. "బావా, బావా అంటూ కొట్టింది. ఎందుకు లెక్కపెట్టానో నాకే తెలీదు."

అక్కకి ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది. నమ్మించి గొంతు కొయ్యడమంటే ఇదే! గువ్వ ఫొటోకి ఫ్రేము కట్టించింది ఈ మనిషే. అమ్మ పక్కన కూర్చుని "పోనీలెండి అత్తయ్యా, దాని తొందరపాటు" అని ఓదార్చిందీ ఈ మనిషే. చచ్చినదాని నెత్తిన నింద పెట్టి, ఆ చేత్తోనే ఇన్నాళ్లూ అక్క కన్నీళ్లు తుడిచాడు.

"లోపలికి రా," అంది. "నీ మొహం చూడాలి."

తలుపు పిడి తిరిగింది. తలుపు కదల్లేదు. మళ్లీ తిరిగింది.

"తలుపు వదులు," అన్నాడు.

"నేనెందుకు పట్టుకుంటాను?"

"నేను తోస్తుంటే అటునుంచి తోస్తున్నావు కదే! వదులు... నీకు దండం పెడతాను, వదులు."

అక్క కుర్చీలోంచి లేవనేలేదు. తలుపు పదిహేను అడుగుల దూరంలో ఉంది. ఆ ప్రమాదం తర్వాత దానికి గడియే పెట్టించలేదు. మధ్యలో ఎండ పడ్డ నేల తప్ప ఏమీ లేదు.

తెరవైపు చూసింది. తలుపు ముందు గడి ఖాళీ. పదకొండు ఎక్కడా లేదు.

"గువ్వా..." అంది మెల్లగా. "తల్లీ, నువ్వేనా?"

ఎంత చెవులు రిక్కించినా ఏమీ వినపడలేదు. ఒక్క మాట వినపడినా చాలని ప్రాణం కొట్టుకుపోయింది.

అవతల తొయ్యడం ఆగింది. ఆయన గొంతు వచ్చింది, తలుపుకి చెవి ఆనించినంత దగ్గర్నించి.

"నీతో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి... ఆ దగ్గుతున్నదెవరు?"