అమావాస్య నాటి మగ్గం చప్పుడు

"సాయంత్రం ఐదింటికి గిరిని చంపేస్తారు," అన్నాడు చీఫ్ రాఘవేంద్ర.

హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్ వెనక, అద్దెగదిలో బ్రీఫింగ్. విదేశీ ముఠాకు చిక్కిన గిరి, ఏజెంట్ వనిత స్వయంగా తీర్చిదిద్దిన కుర్రాడు. ఆ ఉదయమే ముఠా నుంచి కాల్ వచ్చింది. నలభై సెకన్ల ఆడియో. గిరి గొంతు, దాని చుట్టూ రణగొణధ్వని.

వనిత లాప్‌టాప్ తెరిచింది. నాన్-నెగటివ్ మ్యాట్రిక్స్ ఫ్యాక్టరైజేషన్: కలగలిసిన చప్పుళ్ళను విడివిడి భాగాలుగా తేల్చే అల్గారిథం. అందులో తీసివేతకు తావు లేదు, అంతా కూడికే. ఎన్ని భాగాలో మాత్రం మనిషే చెప్పాలి. రెండని చెప్పింది. ఒకటి గిరి గొంతు. రెండవది మగ్గం.

"ధర్మవరమే," అంది రోజా, ముఠాలోకి చొరబడిన డబుల్ ఏజెంట్. నల్లకళ్ళద్దాలు, నెమ్మది నవ్వు. "ఈ పొద్దున్నే అక్కడి నేతవీధిలో నడిచాను. ఇంటింటా మగ్గం ఆడుతోంది."

చీరల వ్యాపారుల వేషంలో వనిత, రోజా ధర్మవరం చేరేసరికి మూడున్నర. రోజా చూపిన వీధి నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం వనితకు నచ్చలేదు. రోజా మాటిమాటికీ గడియారం చూసుకోవడమూ నచ్చలేదు.

నేతపని చేసే ముసలామె రామసుబ్బమ్మ అరుగు మీద ఆకువక్క నములుతోంది.

"ఏమవ్వా, మగ్గాలన్నీ నిలిచిపోయినాయి?" అడిగింది వనిత.

"ఈపొద్దు అమావాస్య గదమ్మా. మగ్గం ముడతారా యాడన్నా?"

"పొద్దున గూడా ఆడలేదా?"

"రాత్రే నిలిపేస్తిమి. చీరలు కొనేకి వచ్చినోళ్ళకు ఇది గూడా తెలీదా?"

వనిత ముఖం మారనివ్వలేదు. ఊరంతా మగ్గాలు మూగబోతే రోజా విన్నదేమిటి? కాల్‌లో మోగినదేమిటి? ఎవరో పాత రికార్డింగు మోగించి, చూపును ఇటు మళ్ళించారు. ధర్మవరమంటే మగ్గమని వాళ్ళకు తెలుసు. మగ్గానికీ సెలవుంటుందని తెలియదు.

"లోపల చీర చూపించవ్వా. రోజా, కొంగు పట్టుకో."

రోజా చేతులు చాచింది. క్లిక్. బేడీ ఒక కొస ఆమె చేతికి, రెండవ కొస మగ్గపు గుంజకు పడింది. ఆమె ఫోను వనిత చేతిలోకి మారింది.

"పోలీసులొచ్చేదాకా చూస్తాండవ్వా."

"కట్టేస్తే కట్టేసినావు గానీ, పడుగు దారం తెగుతుంది, కదలద్దని చెప్పు."

వనిత ఈసారి అల్గారిథానికి నాలుగు భాగాలని చెప్పింది. గొంతు, మగ్గం. ఆ మగ్గం కింద అణగిపోయిన మూడవది, రాళ్ళు నలిపే క్రషర్. నాలుగవది రైలు కూత. పట్టాల పక్కన క్రషర్ ఉన్నది పెనుకొండ దగ్గర ఒక్కచోటే.

నాలుగూ యాభైతొమ్మిది. క్రషర్ వెనక గోడౌనులో ముఠావాడొకడు గిరి మీదికి సిరంజి ఎత్తాడు. వనిత పెన్నులోంచి దూసుకొచ్చిన మత్తుసూది వాడి మెడలో దిగింది. సిరంజి నేలన పడి పగిలింది.

కట్లు విప్పుతుంటే గిరి గొణిగాడు.

"ఆ క్రషరోన్ని మాత్రం వదలద్దక్కా. మూడు దినాల్నుంచి కన్ను మూయనీలేదు."

"వదలనులేబ్బా," అంది వనిత. "ఆ మోతే నన్నీడికి తెచ్చింది. వానికి దండేసి, శాలువా గూడా కప్పే పోదాం."